కవిత్వానికి ఎనిమిదిమంది తల్లులు



వసంత పంచమినాడు ఆలయ మండపంలో అక్షరాభ్యాసాలు జరుగుతాయి. పళ్ళెంలో బియ్యం పోసి, పసివాని వ్రేలు పట్టి ఓంకారం దిద్దించిన పిమ్మట, తల్లిదండ్రులు నాకు నమస్కరించి అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. “శాస్త్రిగారూ, మావాడికి ప్రతిభ ఉన్నదంటారా?” అని. “ఉన్నది, శారదాదేవి అనుగ్రహిస్తుంది” అని అక్షతలు వేసి పంపుతాను. ఆ సమాధానం అసత్యం కాదు. కాని అది సంపూర్ణం కాదు. ప్రతిభ పిల్లవానిలో ఉన్నదా అన్నది సగం ప్రశ్న. దానిని పెంచే పరిస్థితి మన ఇంట ఉన్నదా అన్నది మిగిలిన సగం. మొదటి సగానికి దైవం జవాబు చెప్పాలి. రెండవ సగానికి మనమే జవాబుదారులం. ఈ మాట నేను శాస్త్రం చదివి తెలుసుకొన్నాను; అపరాధం చేసి నేర్చుకొన్నాను. ఆ రెండూ ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

బీజం, క్షేత్రం

క్రొత్తదానిని కల్పించే శక్తికి మన ఆలంకారికులు పెట్టిన పేరు ప్రతిభ. అభినవగుప్తపాదుల గురువైన భట్టతౌతుడు, ఎప్పటికప్పుడు క్రొత్తగా వికసించే ప్రజ్ఞయే ప్రతిభ అని నిర్వచించాడు. కవిత్వాన్ని ఉద్దేశించి చెప్పినా ఈ మాట శిల్పికీ, గాయకునికీ, గణితవేత్తకూ, ఇంటి ముంగిట ప్రతిదినం ఒక క్రొత్త ముగ్గు వేసే ఇల్లాలికీ సమానంగా వర్తిస్తుంది.

ఈ శక్తి ఎక్కడినుండి వస్తుంది? 11వ శతాబ్దంలో కాశ్మీర దేశంలో కావ్యప్రకాశాన్ని రచించిన మమ్మటుడు మూడింటిని చెప్పాడు. బీజరూపంగా ఉండే సహజశక్తి మొదటిది. లోకాన్ని, శాస్త్రాలను, కావ్యాలను పరిశీలించడంవల్ల కలిగే నైపుణ్యం రెండవది. తెలిసినవారి శిక్షణలో చేసే అభ్యాసం మూడవది. మూడు చెప్పి కూడ ఆయన ‘హేతువులు’ అని బహువచనం వాడలేదు. ‘హేతువు’ అని ఏకవచనమే వాడాడు. మూడూ కలిసి ఒక్కటే కారణమన్నమాట. విత్తనం, నీరు, నేల విడివిడిగా మొలకను ఇవ్వలేవు కదా!

కావ్యాదర్శకర్త దండి మరింత దయగలవాడు. పూర్వజన్మ వాసనవల్ల వచ్చే ప్రతిభ లేకపోయినా, విద్యతోను ప్రయత్నంతోను ఉపాసిస్తే వాగ్దేవి ఏదో ఒక అనుగ్రహం తప్పక చూపుతుందని ఆయన అభయమిచ్చాడు. కనుక “మావాడికి ప్రతిభ లేదు” అని చేతులు దులుపుకొనే అధికారం ఏ తల్లిదండ్రులకూ లేదు, ఏ గురువుకూ లేదు.

ఎనిమిదిమంది తల్లులు

ఈ విషయాన్ని ఆచరణయోగ్యంగా విడమరచి చెప్పినవాడు రాజశేఖరుడు. సుమారు క్రీ.శ. 900 ప్రాంతంలో కన్యాకుబ్జ రాజాస్థానంలో ఉన్న కవి. ఆయన కావ్యమీమాంసను 18 అధికరణాల మహాగ్రంథంగా సంకల్పించినా, మనకు దక్కినది మొదటి అధికరణం మాత్రమే. 1916లో బరోడాలో గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో తొలి గ్రంథంగా అది వెలువడింది. అందులో ఆయన కవిత్వానికి ఎనిమిదిమంది తల్లులున్నారంటాడు. కారణాలు అనలేదు, సాధనాలు అనలేదు; తల్లులన్నాడు. కనడం ఒక క్షణం, పెంచడం ఏళ్ళతరబడి అని ఆ మాటలోనే ధ్వనిస్తున్నది.

స్వాస్థ్యం ఒక తల్లి. దేహం, మనస్సు కుదురుగా ఉండడం. ఆకలితో, నిద్రలేమితో, భయంతో ఉన్న మనస్సు ఉన్నదానిని కాపాడుకోజూస్తుందే కాని క్రొత్తదానివైపు చేయి చాపదు. ప్రతిభ రెండవ తల్లి, అభ్యాసం మూడవ తల్లి. ఈ ఇద్దరినిగూర్చి పైన చెప్పుకొన్నాము.

భక్తి నాలుగవది. చేసే పనిమీద, ఆ పనికి అధిదేవతమీద ఉండే ప్రీతి. దీనిని ఆధునికులు కూడ పరీక్షించి చూశారు. మా కోడలు కళాశాలలో మనస్తత్త్వశాస్త్రం బోధిస్తుంది. తెరెసా అమాబిలె అనే అమెరికా శాస్త్రవేత్త 1985లో ప్రకటించిన ఒక పరిశోధననుగూర్చి ఆమె నాకు చెప్పింది. వ్రాయడం అలవాటున్నవారిని విభాగాలు చేసి, ఒక విభాగంవారిని రచనలోని ఆనందాన్ని తలచుకోమన్నారట. మరొక విభాగంవారిని రచనవల్ల వచ్చే ధనం, కీర్తి వంటి ఫలాలను తలచుకోమన్నారట. ఆ తరువాత అందరిచేతా చిన్న కవితలు వ్రాయించి, కవులచేత పరీక్ష చేయించారు. ఫలాన్ని తలచుకొన్నవారి కవితలు వెలవెలబోయాయి. కొద్ది నిమిషాల ఆలోచనకే ఇంత భేదం! “ఈ బొమ్మ వేస్తే మొదటి బహుమతి రావాలి” అని ప్రతిదినం పిల్లలతో అనే మనం ఏమి చేస్తున్నామో ఆలోచించవలసి ఉన్నది.

విద్వత్కథ అయిదవ తల్లి. తెలిసినవారు మాట్లాడుకొంటూ ఉంటే ప్రక్కన కూర్చుని వినడం. పూర్వం ఆలయ మండపాలు, ఇంటి అరుగులు ఈ పనిచేసేవి. బహుశ్రుతత్వం ఆరవది, అనేక విషయాలు విని ఉండడం. స్మృతిదార్ఢ్యం ఏడవది. కంఠస్థం చేయడం సృజనకు శత్రువని నేడు కొందరంటారు. తెలుగువారి అవధానాన్ని చూసినవారు ఆ మాట అనలేరు. అష్టావధాని ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెబుతూ, నడుమ అప్రస్తుత ప్రసంగాన్ని ఎదుర్కొంటూ, తుదకు పద్యాలన్నిటినీ ధారణ చేసి అప్పగిస్తాడు. లోపల నిలువ ఉన్న శబ్దసంపద నుండే ఆ క్షణంలో క్రొత్త పద్యం పుడుతుంది. గాదె నిండుగా ఉన్న ఇల్లాలే అతిథి రాగానే వంట చేయగలదు.

ఎనిమిదవ తల్లి పేరు అనిర్వేదం. నిర్వేదమంటే నిరుత్సాహం, చతికిలబడడం. అది లేకపోవడం అనిర్వేదం. శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉంటూ, కాగితం ఖరీదై పలకమీద లెక్కలు వేసుకొనేవాడు. తనకు తోచే సూత్రాలు నామగిరి తాయారు అనుగ్రహమని చెప్పుకొనేవాడు. కేంబ్రిడ్జిలో ఇద్దరు గణితవేత్తలకు వ్రాస్తే వారినుండి ఆదరణ లభించలేదు. అయినా 1913 జనవరిలో మూడవవారికి, హార్డీకి, మరల వ్రాశాడు. లోకానికి రామానుజన్‌ను ఇచ్చినది ఆ మూడవ ఉత్తరం. రెండు తిరస్కారాల తరువాత మూడవది వ్రాయించినవారిలో ఈ ఎనిమిదవ తల్లి కూడ ఉన్నది.

తక్కిన తల్లులలో కొందరిని పిల్లవాడు తనంతట తాను వెదకుకొనగలడు. అనిర్వేదం అలా కాదు. చిన్నతనంలో అది పెద్దల నోటిమాటలో నివసిస్తుంది. ఒక్క మాటతో మనం ఆ తల్లిని బిడ్డవద్దకు పంపగలం, ఒక్క మాటతో వెళ్ళగొట్టగలం.

ఏ యామంలో ఏ పని

రాజశేఖరుడు కవికి దినచర్య కూడ విధించాడు. యామమంటే 3 గంటలు. ఉదయం సంధ్యావందనాదుల పిమ్మట మొదటి యామంలో విద్యాభ్యాసం. రెండవ యామంలో రచన. మధ్యాహ్నం స్నానం, భోజనం, పిమ్మట కావ్యగోష్ఠి. నాలుగవ యామంలో, ఉదయం వ్రాసినదానిని ఒంటరిగానో, కొద్దిమంది మిత్రులతోనో కూర్చుని పరీక్షించడం. రాత్రి మొదటి యామంలో శోధించినదానిని శుద్ధప్రతిగా వ్రాసుకోవడం. రెండు, మూడు యామాలు నిద్ర. నాలుగవ యామంలో మేల్కొనాలి. బ్రాహ్మీముహూర్తంలో మనస్సు తేటపడి అనేక అర్థాలను దర్శిస్తుంది. 8వ శతాబ్దివాడైన వామనుడు సైతం రచనకు ఏకాంతస్థలాన్ని, రాత్రి నాలుగవ యామాన్ని విధించాడు.

ఇంగ్లండు దేశీయుడు గ్రాహం వాలస్ 1926లో, నూతనభావం పుట్టుకను నాలుగు దశలుగా వివరించాడు. ముందు శ్రమించి సిద్ధపడడం, తరువాత ఆ విషయాన్ని విడిచి ఉండడం, అప్పుడది లోలోపల పొదిగినట్లుగా పరిపక్వమవుతుంది, ఆపైన హఠాత్తుగా స్ఫురించడం, చివరకు సరిచూసుకోవడం. మన పోతనామాత్యునిగూర్చి జనశ్రుతిలో ఉన్న కథ గుర్తు తెచ్చుకోండి. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణిస్తూ పద్యం ముందుకు సాగక, ఘంటం విడిచి ఆయన బయటకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి పద్యం పూర్తి అయి ఉన్నది. శ్రీరామచంద్రుడే వచ్చి పూరించాడని మన విశ్వాసం. స్వామి వచ్చినది పోతన ఘంటం క్రింద పెట్టిన తరువాతనే అన్నది నేను ఈ కథలో ప్రత్యేకంగా గమనించే విషయం. అంతవరకు ఆయన శ్రమించాడు, ఆపైన విడిచిపెట్టాడు. శ్రమించనివానికి స్ఫురణ రాదు, విడువనివానికి రావడానికి చోటుండదు.

ఈ దినచర్యలో ఇంకొక రహస్యమున్నది. రచనకు రెండవ యామాన్ని, పరీక్షకు నాలుగవ యామాన్ని వేరుగా ఎందుకు పెట్టారు? రసావేశంలో వ్రాసేవానికి వివేచించే దృష్టి ఉండదు, కనుక తరువాత పరీక్షించాలి అని రాజశేఖరుడే కారణం చెప్పాడు. సృష్టి, పరీక్ష రెండూ అవసరమే. కాని అవి ఒకే ఆసనంమీద కూర్చోలేవు. పరీక్ష ముందుగా వచ్చి కూర్చుంటే సృష్టి గడపదాటి లోపలికి రాదు. సగం వ్రాసినదానిని ఇతరులకు చదివి వినిపించరాదు, వినిపిస్తే అది అసంపూర్తిగా మిగలడమే ఫలమని కూడ ఆయన హెచ్చరించాడు. కావ్యానికి వచ్చే అయిదు మహాపదలలో దారిద్ర్యంతోపాటు అవజ్ఞను, అనగా తిరస్కారాన్ని, లెక్కపెట్టాడు.

నా అపరాధం

ఇవన్నీ నేను 30 ఏళ్ళకు పైగా విద్యార్థులకు పాఠం చెప్పాను. ఇక నా కథ.

సుమారు 40 సంవత్సరాల క్రిందట, నేను పనిచేస్తున్న ప్రాచ్య కళాశాలలో, మొదటి సంవత్సరపు విద్యార్థి ఒకడు కావ్యప్రకాశం పాఠం ముగియగానే నా బల్లవద్దకు వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. సేద్యం చేసుకొనే ఇంటి పిల్లవాడు. కళ్ళంలో ధాన్యం ఆరబోసి ఉండగా వాన వచ్చిన వైనంమీద ఒక ఉత్పలమాల వ్రాశాడు. రెండవ పాదంలో యతి తప్పింది. నాలుగవ పాదంలో గణం చెడింది. నేను దానిని తరగతిలో బిగ్గరగా చదివి, “వానకు ధాన్యం తడిసింది సరే, ఛందస్సు కూడ కొట్టుకొనిపోయిందేమిరా?” అన్నాను. తరగతి అంతా నవ్వింది. అతడూ నవ్వినట్లే ఉన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు. తరువాత మూడేళ్ళు నావద్ద చదివాడు, పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొన్నాడు. మరల ఒక పద్యం కూడ నాకు చూపలేదు.

దోషాలు నిజంగానే ఉన్నాయి. వాటిని చెప్పడం నా ధర్మం కూడ. కాని నాలుగవ యామంలో చేయవలసిన పనిని నేను రెండవ యామంలో చేశాను. నలుగురి ఎదుట, చమత్కారం కోసం చేశాను. కావ్యానికి వచ్చే ఆపదల పట్టికను పాఠం చెప్పే నేనే ఆ పట్టికలో ఒక ఆపదనయ్యాను.

పెద్దన కోరిన వసతి, గోపన్న కున్న చెర

ఇక్కడ ఒక శంక కలుగుతుంది. నిజమైన ప్రతిభకు ఇన్ని వసతులు, ఇంత మృదుత్వం కావాలా? అల్లసాని పెద్దన చెప్పినట్లుగా ప్రసిద్ధమైన ఒక చాటుపద్యంలో, అలజడిలేని చోటు, కర్పూర తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఊయలమంచం ఉండాలని, అవి లేక కృతులు రచించుమంటే సాధ్యమా అని కవి అడుగుతాడు. మరి కంచర్ల గోపన్న గోలకొండ చెరసాలలో కీర్తనలు పాడలేదా? త్యాగరాజస్వామి తంజావూరు రాజాస్థానపు ఆహ్వానాన్ని కాదని, తిరువైయారులో ఉంఛవృత్తితో జీవించలేదా?

నిజమే. కాని పెద్దన కోరికల పట్టికను చివరివరకు చూడాలి. తాంబూలం, ఊయల తరువాత ఆయన మనుష్యులను కోరాడు: ఒప్పు తప్పు తెలిసిన రసజ్ఞులను, భావం గ్రహించే లేఖకులను, పాఠకులను. ఊయలమంచం లేకపోయినా కవిత్వం పుడుతుంది. వినేవాడు ఒక్కడైనా లేకపోతే కష్టం. గోపన్నకు చెరలో ఆ వినేవాడు భద్రాద్రి రాముడు. త్యాగయ్యకూ రాముడే. వారికి భక్తి అనే ఒక్క తల్లి మిగిలిన ఏడుగురు తల్లుల పనినీ చేసింది. అది మహాత్ముల మాట. రాతిలో మొలచిన రావిచెట్టును చూసి, మన పెరటి మొక్కకు నీరు మానివేయడం వివేకం కాదు.

దాతలు గమనించదగిన మాట ఇంకొకటి ఉన్నది. తాళ్ళపాక అన్నమాచార్యులు తమ 16వ ఏటినుండి 1503లో పరమపదించే వరకు 32,000 సంకీర్తనలు రచించారని సంప్రదాయం. లెక్కకు దినమునకొకటి కంటె ఎక్కువ. అది అభ్యాసానికి, అనిర్వేదానికి పరాకాష్ఠ. అయితే అవి మనదాకా రావడానికి కారణం కుమారులైన పెదతిరుమలాచార్యులవారి కాలంలో వాటిని రాగిరేకులపై చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారంలో భద్రపరచడం. పాడినవారు ఒకరు; రాగి ఇచ్చి, చెక్కి, దాచినవారు ఎందరో. సృష్టికి వారూ భాగస్వాములే.

మండపంలో ఒక నాలుగవ యామం

గత కార్తికమాసంలో నేను ఆలయ మండపంలో పురాణం ముగించి కూర్చుని ఉండగా, జుట్టు నెరసిన ఒక గృహస్థు పది పదకొండేళ్ళ బాలికను వెంటబెట్టుకొని వచ్చి నమస్కరించాడు. పేరు చెప్పేవరకు నేను గుర్తించలేదు. ఆనాటి ఉత్పలమాల విద్యార్థి! “గురువుగారూ, ఇది మా మనుమరాలు. పద్యాలు వ్రాస్తున్నది. చూచి ఆశీర్వదించండి” అన్నాడు. ఒక్క క్షణం ఆగి, చిరునవ్వుతో, “యతి సంగతి కాస్త నెమ్మదిగా చెబుదురు గాని” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పాప నోటుపుస్తకం ఇచ్చింది. తమ ఊరి కోనేటిమీద ఒక తేటగీతి. ఎండలకు కోనేటి నీరు మెట్లు లెక్కపెట్టుకొంటూ క్రిందికి దిగుతున్నదట! డెబ్బది దాటిన నాకు, ఎన్నో కావ్యాలు చదివిన నాకు, ఆ ఊహ ఎన్నడూ తోచలేదు. “ఇది నీకెలా తోచింది తల్లీ?” అని అడిగాను. “ఎండాకాలంలో రోజూ చూస్తాను తాతగారూ, ఒక్కొక్క మెట్టే బయటపడుతుంది” అన్నది. ఆ మెట్లెన్ని, ఎక్కడ కూర్చుని చూస్తుంది, నీళ్ళు మరల వచ్చేటప్పుడు ఏమి చేస్తాయి అని మాట్లాడుకొంటూ ఉండగా, ఆ పిల్లయే అడిగింది: “తాతగారూ, ఇందులో తప్పులున్నాయా?”

నేను గమనించిన అద్భుతం అదే. తన ఊహకు ఆదరం దొరికిన తరువాత బిడ్డ తానై పరీక్ష కోరుకొంటుంది. “ఉన్నవి తల్లీ, రెండు చోట్ల. ఇప్పుడు దర్శనం చేసుకొని, ప్రసాదం తిని, సాయంకాలం నాలుగు గంటలకు రా, ఇద్దరమూ కలిసి చూద్దాం” అన్నాను. వచ్చింది. రెండు యతులూ తానే సరిదిద్దుకొన్నది. నేను అక్షరమైత్రి మాత్రం గుర్తుచేశాను.

వారు బయలుదేరేటప్పుడు ఆయనను అడిగాను: “నాయనా, ఆనాటి నీ పద్యం జ్ఞాపకమున్నదా?” “మొదటి పాదం ఉన్నదండి. తక్కినవి పోయాయి” అన్నాడు. చదువుమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మనుమరాలి చేయి పట్టుకొని మెట్లు దిగివెళ్ళాడు.

మనం చేయదగినది

పాఠకులారా, ఎనిమిదిమంది తల్లులను మన ఇళ్ళకు ఆహ్వానించడానికి ఐశ్వర్యం అక్కరలేదు. బిడ్డలకు కంటినిండ నిద్ర, దినంలో కొంతసేపు ఎవరూ పలుకరించని ఒక మూల కల్పించండి. పెద్దలు మంచి మాటలు మాట్లాడుకొనేటప్పుడు వారిని లేచిపొమ్మనకండి. వారానికొక పద్యమో, శ్లోకమో, కీర్తనో కంఠస్థం చేయించండి. వారు ఏదైనా వ్రాసి, గీసి, పాడి తెచ్చినప్పుడు మొదటి ప్రశ్నగా “ఇది నీకెలా తోచింది?” అని అడగండి. దోషాలు తప్పక చెప్పండి. కాని ఏకాంతంలో, వేరొక పూట, వారు అడిగినప్పుడు చెప్పండి. బహుమతికంటె వినే చెవిని ముందుగా ఇవ్వండి. ధర్మకార్యాలకు విరాళమిచ్చే దాతలు గోపురానికి, మండపానికి ఇచ్చే చేతితోనే, ఆ మండపంలో బాలబాలికలు కూర్చుని చదువుకొనే పుస్తకాలకు, పెద్దలతో గోష్ఠికి కొంత కేటాయిస్తే అదీ సరస్వతీపూజయే.

బాలురతోపాటు బాలికలని ప్రత్యేకంగా అన్నాను. పురుషులవలెనే స్త్రీలూ కవులు కాగలరని, సంస్కారం ఆత్మకు చెందినది గనుక అది స్త్రీపురుష భేదం చూడదని రాజశేఖరుడు 1100 ఏళ్ళ క్రిందటనే వ్రాశాడు. తన భార్య అవంతిసుందరి అభిప్రాయాలను పేరుతో సహా తన శాస్త్రగ్రంథంలో ఉదాహరించాడు.

వచ్చే వసంత పంచమినాడు ఎవరైనా నన్ను, “మావాడికి ప్రతిభ ఉన్నదా?” అని అడిగితే, ఇకపై ఇలా చెప్పదలచుకొన్నాను: “బీజం దేవుడు వేసే ఉంటాడు నాయనా. వాడు తెచ్చిన మొదటి కాగితాన్ని నవ్వకుండా చదువు. తక్కినది అమ్మవారు చూసుకొంటుంది.”

శుభమస్తు.